మొదటి పేజీలో పడి ఉన్న ఆడమనిషి

కూర్చో అమ్ములూ. అంత దూరం కాదు, కుర్చీ ఇటు లాక్కో. నేను మాట్లాడుతుంటే నీ ఫోను దానంతటదే రాసుకుంటుందంటున్నావు. సరే. అది తప్పు రాస్తే నువ్వు తర్వాత దిద్దుకో. మధ్యలో మాత్రం నన్ను ఆపొద్దు, ఆపితే నేను వేరే ఊరికి వెళ్ళిపోతాను. సరిగ్గా విను.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను అక్కడి ప్రభుత్వాసుపత్రిలో స్త్రీల వైద్యం, కాన్పుల విభాగంలో రిజిస్ట్రార్‌ని. మన దగ్గర ఆ పేరు వింటే పెళ్ళిళ్ళు రాసే ఆఫీసు గుర్తొస్తుంది. అక్కడ అది డాక్టరు హోదా. కింద అసిస్టెంట్ రిజిస్ట్రార్, తర్వాత రిజిస్ట్రార్, ఆ పైన సీనియర్ రిజిస్ట్రార్, అందరి మీదా కన్సల్టెంట్. రిజిస్ట్రార్ సొంతంగా ఆపరేషన్ చెయ్యొచ్చు, కానీ చేసే ముందు పైవాళ్ళలో ఒకరికి చెప్పాలి. యుద్ధం వచ్చేసరికి మా కన్సల్టెంట్ సెలవు మీద వాళ్ళ దేశంలో ఉన్నాడు, సీనియర్ రిజిస్ట్రార్ ఎటు వెళ్ళిందో తెలియదు. చెప్పడానికి ఎవరూ లేని రిజిస్ట్రార్‌ని నేను.

చెక్‌పోస్టులు దాటి ఆసుపత్రికి రావడానికి ఆడవాళ్ళు భయపడుతున్నారని, నన్ను రుమైథియాలో నేనుండే ఫ్లాటుకి దగ్గరున్న చిన్న క్లినిక్‌లో వేశారు. ఉదయం అక్కడ చూసేదాన్ని. కాన్పు కష్టమైతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మధ్యాహ్నం పనేమీ ఉండేది కాదు.

నీ ప్రశ్నకే వస్తున్నా. రష్యన్ డిటెక్టివ్ పుస్తకాల్లో ఆడవాళ్ళు ఎట్లా ఉంటారని కదా అడిగావు. నేను వైద్యం చదివింది రష్యాలో. అక్కడ మొదటి ఏడు భాష నేర్పిన టీచరమ్మ, వ్యాకరణం పుస్తకం పక్కన పెట్టి డిటెక్టివ్ నవలలు చదవమంది. ట్రాములో, క్యూలో, వంటింట్లో జనం మాట్లాడే మాటలు వాటిలోనే ఉంటాయంది. అట్లా మొదలై అలవాటైపోయింది. కువైట్‌కి బట్టల కంటే అవే ఎక్కువ తీసుకెళ్ళాను.

మా ఎదురింటి విల్లాలో నూర్జహానక్క పనిచేసేది. రాయచోటి ఆమె, నా కంటే చాలా పెద్దది. సైన్యం రాగానే ఆమెకి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అంటారు, ఆయన కుటుంబం ఎడారి దారిన సౌదీ వెళ్ళిపోయింది. ఇల్లు చూసుకోమని తాళాలిచ్చి వెళ్ళారు. అంత పెద్ద ఇంట్లో ఒక్కతే ఉండలేక నా దగ్గరికి వచ్చేసింది. టీవీలో చూడదగ్గది లేదు. నేను నవల తీసి ఒక్కో వాక్యం రష్యన్‌లో చూసుకుంటూ తెలుగులో చెప్పేదాన్ని, ఆమె పప్పు ఏరుకుంటూ వినేది.

మొదటి అధ్యాయంలో ఊరి బయట మంచులో ఒక ఆడమనిషి చచ్చిపడి ఉంటుంది. మిలీషియా వాళ్ళు, అంటే అక్కడి పోలీసులు, వాళ్ళ మేజరూ చుట్టూ నిలబడి ఉంటారు. రాసినాయన ఆమె జుట్టు గురించి, మెడ గురించి, ఒక కాలికి జారిన మేజోడు గురించి తీరిగ్గా రాసుకుంటూ పోయాడు. నేను చెప్పుకుంటూ పోతున్నాను. నూర్జహానక్క చేట కింద పెట్టింది.

"ఆగు డాక్టరమ్మా. ఎంతమంది మొగోళ్ళుండారు ఆడ?"

"నలుగురు. ఒకతను ఫోటోలు తీసేవాడు."

"ఆడది ఒక్కత్తి కూడా ల్యా?"

"లెఫ్టినెంటు ఒకామె ఉంది. కారులోంచి టీ ఫ్లాస్కు తెమ్మని పంపించారు."

"ఈ సచ్చిపోయిన బిడ్డ పేరేంది?"

"నాలుగో అధ్యాయంలో తెలుస్తుంది."

"అంతదంకా ఇట్లే పండబెడతారా? మీద గుడ్డ కప్పమని చెప్పు ఆ మేజరుకి."

"అచ్చయిపోయిన పుస్తకం అక్కా, నేనేం చెప్పేది?"

"నువ్వు తెలుగులో కదా చెప్తాండావు. తెలుగులో కప్పు."

నవ్వకు, నిజంగానే అన్నది. ఆమె వాళ్ళ ఊళ్ళో పోయిన ఆడవాళ్ళకి స్నానం చేయించే మనిషి. ముస్లింలలో ఆడమనిషి పోతే ఆడవాళ్ళే కడగాలి, అప్పుడు కూడా దేహం మీద గుడ్డ ఉంచి దాని కిందినుంచే చెయ్యి పోనిచ్చి కడుగుతారు. అట్లాంటామె ముందు నేను మేజోడు గురించి చదువుతున్నాను. సరే అని, మేజరు తన కోటు తీసి కప్పాడని చెప్పాను. కప్పాక చూస్తే తర్వాతి రెండు పేజీల్లో చెప్పడానికి ఏమీ మిగల్లేదు! నాకు అప్పుడు పెద్ద ఆశ్చర్యమేసింది. ఎన్నేళ్ళుగా చదువుతున్నాను ఆ పుస్తకాలు.

ఇక ఆ లెఫ్టినెంటామె. తెలివైనదే. హంతకుణ్ణి ముందు అనుమానించింది ఆమే. కానీ ఆమె ఇంటికెళ్ళి సూప్ కాచాలి, భర్త అలగాలి, పిల్లాడికి జ్వరం రావాలి. ఆమె పై అధికారి కర్నల్ మెచ్చుకునేటప్పుడు 'నీది మగవాడి బుర్ర' అంటాడు. అది పెద్ద బిరుదు. నేను చదివిన ఊళ్ళో డాక్టర్లలో ఎక్కువమంది ఆడవాళ్ళే, నాకు ఆపరేషన్లు నేర్పిన ప్రొఫెసరమ్మ పొద్దున పొట్ట కోసి సాయంత్రం సంచిలో ఉల్లిపాయలు మోసుకుంటూ పోయేది. ఆమెది మగవాడి చెయ్యి అని ఎవరూ అనడం నేను వినలేదు. పుస్తకాల్లోకి వచ్చేసరికి మాత్రం ఆడమనిషి అయితే శవం, లేకపోతే సూప్.

ఒక మధ్యాహ్నం నూర్జహానక్క రొట్టెల కోసం జమియాకి వెళ్ళింది. జమియా అంటే పేటపేటకీ ఉండే సహకార దుకాణం. దాని వెనక రొట్టెలు కాల్చే బేకరీ, అక్కడ మగవాళ్ళకో వరస, ఆడవాళ్ళకో వరస. సైనికులు వచ్చాక ఆడవాళ్ళు బయటికి రావడం దాదాపు మానేశారు కాబట్టి ఆ వరస ఖాళీ. అక్క ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. ముఖంలో నెత్తురు లేదు.

"ఆడమనిషి సచ్చి పడుండాది డాక్టరమ్మా, గోడ కాడ. ఎప్పుడు పడిందో ఏమో. మీద గుడ్డ కప్పినోడు ల్యా. మొగోళ్ళంతా అటు తిరిగి నిలబడి రొట్టెలు కొనుక్కుంటాండారు."

దుప్పటి తీసుకుని ఇద్దరం బయల్దేరాం. నేను తెల్లకోటు వేసుకున్నాను, పేరు బిళ్ళ పెట్టుకున్నాను. ఆ రోజుల్లో చెక్‌పోస్టుల దగ్గర ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే గుర్తింపు కార్డు, దానికంటే తెల్లకోటే ఎక్కువ పనిచేసేది. పైగా మేం ఇండియా వాళ్ళమంటే ఇరాకీ సైనికులు పెద్దగా అడ్డుపెట్టేవారు కాదు.

బేకరీ గోడ నీడలో ఆమె పక్కకి తిరిగి పడి ఉంది. నల్ల అబాయా తెరుచుకుపోయి లోపల ఆకుపచ్చ పట్టు గౌను కనిపిస్తోంది. చెప్పు ఒకటి ఊడింది. చుట్టూ ఇటుకలు పేర్చి ఉన్నాయి, ముగ్గు గీసినట్టు. ఒక సైనికుడు తుపాకీతో కాపలా. దగ్గరికెళ్ళబోతే 'మమ్నూ' అని అడ్డం వచ్చాడు, అంటే కూడదని. వాళ్ళ కెప్టెన్, నకీబ్ అంటారు, ఇటుకల బయట గొంతుక్కూర్చుని చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. రాస్తూ తనలో తను ఒక మాట అనుకున్నాడు. 'ఇంతిరేస్నా.' చూడు, ఆ ఎండలో, ఆ గోడ దగ్గర, నా చెవిన రష్యన్ మాట పడింది! ఆసక్తికరంగా ఉందే అని దాని అర్థం.

నేను రష్యన్‌లోనే అడిగాను, ఏమిటి అంత ఆసక్తికరంగా ఉంది అని. అతను లేచి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోయింది. యుద్ధానికి ముందు బాగ్దాద్‌లో నేరాలు పరిశోధించే అధికారి అట, ఆ విద్య రష్యాలో నేర్చుకున్నాడట. ఇక్కడ దారిన పోయే కార్ల డిక్కీలు తెరిపించే పని ఇచ్చారని వాపోయాడు. ఇన్నాళ్ళకి తనకి తగిన పని దొరికిందన్నట్టు నాకు మొత్తం చెప్పడం మొదలుపెట్టాడు. పట్టు గౌను కాబట్టి డబ్బున్న ఇంటి ఆడది. గోళ్ళకి రంగుంది కాబట్టి ఎవరినో కలవడానికి వచ్చింది. మడమ దగ్గర చర్మం చూడండి డాక్టర్, ఎండ తగలని చర్మం. గాయం లేదు, నెత్తురు లేదు, కాబట్టి విషం. ఇచ్చినవాడు ప్రియుడైనా అయ్యుండాలి, మొగుడైనా అయ్యుండాలి.

 అవి మా ఇంట్లో నేను చదువుతున్న మొదటి అధ్యాయంలో మాటలే. పుస్తకం వేరు, మనిషి వేరు, చూపు ఒకటే.

చనిపోయిందని ఎవరు నిర్ధారించారని అడిగాను. మా వృత్తిలో అదొక పద్ధతి. మెడ దగ్గర నాడి చూడాలి, గుండె మీద స్టెతస్కోపు పెట్టి తొందరపడకుండా వినాలి, కంటిపాపలో వెలుగు వేసి చూడాలి, అప్పుడు డాక్టరు నోటితో చెప్పాలి. అంతవరకు ఎవరూ చనిపోయినట్టు కాదు. అతను నవ్వాడు. కనిపిస్తూనే ఉంది కదా అన్నాడు. కనిపిస్తూనే ఉంది! అంతసేపూ ఒక్క చెయ్యి ఆమె మీద పడలేదు. వరసలో మగవాళ్ళు పరాయి ఆడమనిషిని తాకకూడదని మర్యాదకి మొహాలు తిప్పుకున్నారు. సైనికులు ఆధారాలు చెడిపోతాయని తాకలేదు. ఫోటోగ్రాఫర్ వచ్చేదాకా ఎవరినీ ఇటుకలు దాటనివ్వనని కెప్టెన్ పట్టు. నేను దాటితే అసలే ఒప్పుకోడట, ఎందుకంటే డాక్టర్లు శవాన్ని కదిలిస్తారట.

ఆడమనిషి మీద ఆడవాళ్ళే గుడ్డ కప్పాలి, అది మీ మతం కూడా అని వాదించాను. దానికి కాస్త తగ్గాడు. ఆ పెద్దామె ఒక్కతే వెళ్ళి దుప్పటి కప్పి వచ్చెయ్యాలి, ఏదీ జరపకూడదు అన్నాడు.

నూర్జహానక్క లోపలికి వెళ్ళింది. ముందు అబాయా సర్దింది. పెదాలు కదుపుతూ దువా చదువుతోంది. దుప్పటి కప్పింది. కప్పాక అక్కడితో ఆగలేదు. పోయినవాళ్ళ నోరు తెరుచుకుని బిగుసుకుపోకుండా గడ్డం కింద నుంచి నెత్తికి గుడ్డపేలికతో కట్టడం ఆమెకి అలవాటు. తన ఓణీ అంచు పళ్ళతో చింపి, ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టింది.

మరుక్షణం ఒక్క అరుపు అరిచింది.

"మింగింది! డాక్టరమ్మా, మింగింది! ఈయమ్మ గుటక మింగింది!"

అంటూనే వెనక్కి పడింది. ఇటుకలు దొర్లాయి. కాపలా సైనికుడు తుపాకీ ఎత్తి, దేనికి గురిపెట్టాలో తెలియక ఆకాశానికి పెట్టాడు. రొట్టెల వరస మొత్తం పరుగు. బేకరీలో ఇరానీ ఆయన రొట్టెలు తీసే పార చేతిలోంచి వదిలేశాడు. కెప్టెన్ రాసుకునే పుస్తకం అట్లాగే పట్టుకుని నోరు తెరిచాడు. నేనెప్పుడు ఇటుకలు దాటానో నాకు తెలియదు.

మణికట్టులో నాడి లేదు. మెడ దగ్గర ఉంది, దారప్పోగులాగా, పరుగులు పెడుతూ. కింది కనురెప్ప లాగి చూస్తే కాగితంలా తెలుపు. ఒళ్ళంతా చల్లటి చెమట, ఆ ఎండలో! దుప్పటి కిందే పొట్ట మీద చెయ్యి పెట్టాను. ఉబ్బి, గట్టిగా ఉంది. తెలిసిపోయింది. బిడ్డ గర్భసంచిలో పడకుండా దాని పక్క గొట్టంలో పడుతుంది ఒక్కోసారి. గొట్టం ఎంతని సాగుతుంది? పగిలిపోతుంది. అప్పుడు నెత్తురు బయటికి రాదు, పొట్టలోనే నిండిపోతుంది. కెప్టెన్ నేల మీద వెతికిన నెత్తురంతా ఆమె లోపలే ఉంది.

విషమేనా అని అడిగాడు. కాదు, గర్భం, గొట్టం పగిలింది అని రష్యన్‌లో చెప్పాను. అంతే, ఆ మనిషి చెవులు ఎర్రబడ్డాయి, రెండడుగులు వెనక్కి వేసి అటు తిరిగిపోయాడు. నాకు మతిపోయింది. అంతసేపు మడమ గురించి, గోళ్ళ గురించి, చర్మం గురించి మాట్లాడినవాడు! గర్భం అన్న మాట దగ్గర సిగ్గొచ్చింది.

జీపు కావాలన్నాను. సైన్యం బండిలో మామూలు జనాన్ని ఎక్కించకూడదన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇప్పటిదాకా మీ దగ్గర హంతకుడు లేడు, ఈమె ఇక్కడే పోతే ఒకడుంటాడు, ఆ పేరు మీ పుస్తకంలో మీరే రాసుకోవాలి అన్నాను. అతను నా వైపు చూడకుండానే డ్రైవర్‌కి 'యల్లా' అన్నాడు, అంటే పద అని. తనే ముందు సీటులో కూర్చుని చెక్‌పోస్టులన్నీ తెరిపించాడు. ఆ మాట కూడా రాయాలి, రాయి.

వెనక నూర్జహానక్క ఆమె కాళ్ళు ఒళ్ళో ఎత్తి పట్టుకుంది. అప్పటిదాకా శవమనుకున్న మనిషిని దారంతా తిడుతూనే ఉంది. "కండ్లు మూయొద్దు మే! నేను కడగనంటే కడగను. నా చేతల్లో పొయ్యేటట్టుంటే ఇప్పుడే చెప్పు, దిగిపోతా." ఆ తిట్లకి ఆ పిల్ల కనురెప్పలు ఒకసారి కదిలాయి.

ఆసుపత్రిలో ఆపరేషన్ గది ఉంది, మత్తు డాక్టరు పాలస్తీనా ఆయన ఉన్నాడు, బ్లడ్ బ్యాంకులో ఆమెకి సరిపడే నెత్తురు లేదు. నెత్తురు లేకుండా పొట్ట తెరిస్తే బల్ల మీదే పోతుంది, తెరవకపోతే ఎట్లాగూ పోతుంది. మా ప్రొఫెసరమ్మ ఒక పద్ధతి నేర్పింది. పొట్టలో చేరిన నెత్తురు తాజాగా ఉంటే దాన్ని శుభ్రమైన గిన్నెతో తోడి, గాజుగుడ్డ ఎనిమిది మడతలు వేసి వడగట్టి, గడ్డకట్టకుండా మందు కలిపి, తిరిగి ఆమె నరంలోకే ఎక్కించడం. కువైట్‌లో ఆ పద్ధతి వాడరు. పైవాళ్ళకి చెప్పి చెయ్యాలి, చెప్పడానికి పైవాళ్ళు లేరు. మత్తు డాక్టరు నా వైపు చూసి, మీకు తెలిస్తే చెయ్యండి, నేను చూడలేదనుకోండి అన్నాడు. పొట్ట తెరిచి, నర్సుతో నెత్తురు తోడించి వడగట్టించాను. ఒక పక్క నేను గొట్టం కట్టి కోస్తున్నాను, ఇంకో పక్క ఆమె నెత్తురు ఆమెలోకే వెళ్తోంది. కుట్లు పూర్తయ్యేసరికి మణికట్టులో నాడి దొరికింది.

మర్నాడు కెప్టెన్ వార్డు బయటికి వచ్చాడు. లోపలికి రానని తనే అన్నాడు. పుస్తకం చేతిలోనే ఉంది. మరి దోషి ఎవరు డాక్టర్ అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. పట్టు గౌను మాటేమిటన్నాడు. అది మామా, అంటే ఇంటి యజమానురాలు, విడిచేసిన గౌను, ఈమె ఆ ఇంటి పనిమనిషి, అల్ రాయ్‌లో వర్క్‌షాపులో పనిచేసే మొగుడున్నాడు, వస్తున్నాడు అని చెప్పాను. గోళ్ళకి రంగు కూడా మామా పారేసిన సీసాలోదే. అతను పుస్తకం మూసి, అయితే కేసే లేదన్నమాట అన్నాడు. ఆ గొంతులో నిరాశ! మనిషి బతికిందమ్మా!

ఆమె పేరు రమణమ్మ. రాజంపేట దగ్గరిది. తెలివొచ్చాక నీళ్ళడిగింది, మొగుడిని అడిగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాట ఇది.

"నాకు అన్నీ ఇనపడతాన్యాయి డాక్టరమ్మా. కండ్లు తెరుద్దామంటే రాల్యా, నోరు రాల్యా. 'సచ్చిపోయింది, సూడాకండి' అని ఒగరికొగరు చెప్పుకుంటాండారు అరబ్బీలో. నాకు అరబ్బీ వచ్చు కదా. సిపాయొచ్చి సచ్చిపోయిందన్యాడు. ఆ పెద్దాయనొచ్చినాడు, ఆయనా అదే అన్యాడు. అంతమంది చెప్తాంటే, నిజంగానే సచ్చిపోయినానేమో, సచ్చిపోతే ఇట్లుంటాదేమో అనుకున్యా. ఇంగ పిలిచేది మానుకున్యా."

లోపల్లోపల పిలుస్తోందట అప్పటిదాకా. మనుషుల మాటలు విని మానుకుందట.

ఇండియాకి తిరిగొచ్చాక రిటైరయ్యేదాకా నా కింద పనిచేసిన ప్రతి హౌస్ సర్జన్‌కీ ఈ సంఘటన చెప్పాను. ఇందులో నేను నేర్చుకున్నది ఇది. స్పృహ లేని మనిషి పక్కన ఆమె గురించి మాట్లాడకూడదు, ఆమెతో మాట్లాడాలి. చెవి అన్నిటికంటే చివర పోతుంది. నాడి చూసేదాకా ఆమె ఎవరు, ఎందుకొచ్చింది, ఏం కట్టుకుంది అన్న ఊహలు డాక్టరుకి అక్కర్లేదు. ఇంకొకటి, మగపిల్లలకి మరీ మరీ చెప్పేదాన్ని. ఆడమనిషి ఒంట్లో ఉన్నవాటి పేర్లు నోటితో పలకలేనివాడు ఆ వార్డులో...

ఆఁ, వస్తున్నానే, సంగటి చల్లారిపోతే మళ్ళీ వేడి చేద్దువులే! ఇంత తొందరేమిటే మీ అమ్మకి? అమ్ములూ, నువ్వు ఇది రాసుకో, పలకలేనివాడు ఆ వార్డులోకి అడుగు పెట్టే ముందు వాటిని పైకి పలకడం నేర్చుకుని రావాలి.